సలూకీకి మొరగడం నేర్పాను

దోహాకు బయలుదేరిన రోజు విమానాశ్రయంలో మా పెట్టె బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి తీసేయమన్నారు. పెట్టెలో ఒక పక్క నా పాత డైరీలు, ఇంకో పక్క మా ఆవిడ సర్దిన గోంగూర పచ్చడి. నేను పచ్చడి తీసి పక్కన పెట్టాను. ఆ సంగతి ఇప్పటికీ అన్నం వడ్డించేటప్పుడు గుర్తు చేస్తుంది. "పచ్చడి లేదండీ. కావాలంటే డైరీ ఒకటి నంజుకోండి," అంటుంది.

మేముండేది ఫరీజ్ బిన్ మహమూద్‌లో, మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో. పొద్దున్నే అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్ళిపోతారు. మా ఆవిడకు టీవీ ఉంది, కింది అంతస్తులో ఇద్దరు స్నేహితురాళ్ళు ఉన్నారు. నాకు డైరీలు ఉన్నాయి. నేను పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఊళ్ళలో నన్ను డాక్టరు గారనేవారు. నేను దిద్దేవాణ్ణి కాదు.

పుట్టింది ఏలూరు దగ్గరైనా ఉద్యోగం నన్ను చాలా చోట్ల తిప్పింది. ఎక్కడికి వెళ్ళినా అక్కడి కుక్కల గురించి రాసుకునేవాణ్ణి. పశువులకు మందు వేయడం ఉద్యోగం, కుక్కల గురించి రాసుకోవడం సరదా. గోదావరి కాలువల వెంట కోతలయ్యాక పందికొక్కుల్ని తవ్వి తీసే కుక్కలు. నల్లమల అంచున వానలు పడ్డాక ఉడుమును పసిగట్టే కుక్కలు. అన్నిటికంటే నాకు నచ్చినవి తెలంగాణలో ఈతవనాల్లో తిరిగే కుక్కలు. అక్కడ చలికాలంలో కల్లు దిగేటప్పుడు మానుపిల్లి చెట్టెక్కి లొట్టిలో, అంటే కల్లు పట్టే కుండలో, మూతి పెట్టి తాగిపోయేది. కల్లుగీసేవాళ్ళకు అదంటే మంట. వాళ్ళ కుక్కలు చీకట్లో దాని వాసన పట్టుకుని వెళ్ళి, అది ఎక్కిన చెట్టు మొదట్లో నిలబడి, మనిషి వచ్చేదాకా మొరుగుతూనే ఉండేవి. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు కాని, ఇప్పుడు ఆ వేటలకు చట్టం ఒప్పుకోదు. నేను స్వయంగా ఒక్క జంతువునూ పట్టలేదు. లాంతరు పట్టుకుని వెనకాల నడిచేవాణ్ణి. ఆ కుక్కలకు శిక్షణ ఎలా ఇస్తారో మాత్రం వరసగా, ఎర్ర సిరాతో ఉపశీర్షికలు పెట్టి మరీ రాసుకున్నాను. రాసుకున్నాను కాబట్టి నాకు వచ్చనుకున్నాను.

ఒక శుక్రవారం అల్ దోహా అల్ జదీదాలో కూరగాయల కొట్టు దగ్గర బెండకాయలు విరిచి చూస్తుంటే ఒకతను నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. మొహం నిండా నవ్వు.

"సారూ, మీరు మా తాన పశువుల దవాఖానల ఉండె గద? మా బర్రెకు సూదేసిండ్రు."

పరాయి దేశంలో ఇలా గుర్తుపట్టేసరికి నాకు ఛాతీ పొంగింది. "ఏమైంది ఆ బర్రెకు?" అన్నాను.

"సచ్చిపోయింది సారూ. గని మీరు మస్తు ధైర్యం చెప్పిండ్రు."

అతను జగిత్యాల వైపు మనిషి. ఖతర్‌కు సెంట్రింగ్ పని మీద వచ్చాడు. బర్వా అల్ బరాహా అనే కార్మికుల వసతిలో ఉంటూ కంపెనీ పని చేసేవాడట. పని అయిపోయాక దోహాకు ఉత్తరాన ఒక పెద్దాయన ఇజ్బాలో, అంటే తోటా మేకల దొడ్డీ కలిసిన పొలంలో, కుదిరాడు. ఆ పెద్దాయనను బాబా అంటాడు. బాబాకు రెండు సలూకీలు ఉన్నాయి. అరబ్బులు తరతరాలుగా ఎడారిలో కుందేళ్ళ వేటకు పెంచుకునే సన్నటి కుక్కలు. మగది పాత కాపు, దానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆడది చిన్నది, ఇదే దానికి మొదటి వేటకాలం. ఇంతకుముందు వాటిని చూసుకునే మనిషి మానేసి వెళ్ళిపోతే, కుక్కల పని వస్తుందా అని బాబా ఇతన్ని అడిగాడు.

"వస్తదని చెప్పిన," అన్నాడతను.

"నీకు వచ్చా?"

"ఈడ ఏ పని అడిగినా వస్తదనుడే గద సారూ. రాదంటే ఎవడు పెట్టుకుంటడు? సెంట్రింగ్ గిట్లనే వచ్చింది. కుక్క గిట్ల వస్తలేదు."

నవ్వుతూనే చెప్పాడు కాని, అసలు సంగతి తర్వాత బయటికొచ్చింది. ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాడు. పునాది నుంచి స్లాబు దాకా ఫోనులో చూడటమే తప్ప, ఆ ఇంట్లో ఒక్కసారీ అడుగు పెట్టలేదు. మార్గశిరంలో గృహప్రవేశానికి అయ్యగారు ముహూర్తం పెట్టాడు. లీవు అడిగితే, చిన్న కుక్క వేటకు తయారైతే వెళ్ళమన్నాడు బాబా. లేకపోతే వేటకాలం అయ్యాకే.

"దుబాయ్ల కుక్కకు వేట నేర్పేతందుకు నన్ను ఆపిండ్రంటే ఊళ్ళె నవ్వుతరు సారూ," అన్నాడు. వాళ్ళ ఊరివాళ్ళకు ఖతర్ కూడా దుబాయే.

"నేనున్నాను," అన్నాను.

ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకు గర్వంగా చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది, "ఆ గేదెకు కూడా ఇదే చెప్పుంటారు."

మరుసటి వారం అతను ఇజ్బా పికప్‌లో సరుకులకు వచ్చి, వెళ్తూ నన్ను ఎక్కించుకున్నాడు. సలూకీని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. పొడుగు కాళ్ళు, లోపలికి పోయిన కడుపు, చెవుల నుంచి వేలాడే మెత్తటి వెంట్రుకలు. చిన్నది, వచ్చిన పని చెప్పి వెళ్ళమన్నట్టు నన్ను చూసి మొహం తిప్పుకుంది. మొరగలేదు. ఎప్పుడూ మొరగదట. రోజంతా ఇసుక దిబ్బ ఎక్కి దూరంగా ఎటో చూస్తూ నిలబడుతుందట. నేను జేబులోంచి డైరీ తీసి రాసుకున్నాను: "కుక్కకు ఏకాగ్రత లేదు. శూన్యంలోకి చూస్తుంది. నోరు లేదు. మొదటి నుంచి మొదలు పెట్టాలి."

మొదటి నుంచి మొదలు పెట్టాను. పాత డైరీలో ఎర్ర సిరా ఉపశీర్షికల ప్రకారం. మానుపిల్లి తోలు ముక్కను గుడ్డలో కట్టి నేల మీద ఈడ్చుకెళ్ళి ఏదో ఒక చెట్టుకు వేలాడదీయాలి. కుక్క వాసన పట్టి ఆ చెట్టు దగ్గరికి రావాలి. వచ్చి మొరిగితేనే తిండి. ఇక్కడ మానుపిల్లి లేదు కనక బాబా ఇంట్లో అడిగి పాత కుందేలు తోలు తెచ్చాడు మా జగిత్యాల మనిషి. అప్పటికే అతను నాకు మావాడైపోయాడు. చెట్టు కూడా ఒక్కటే ఉంది, దొడ్డి పక్కన. మన రేగుచెట్టు లాంటిదే, సిద్ర అంటారు.

"కుందేలు చెట్టెక్కుతదా సారూ?" అని అతను ఒకసారి అడిగాడు.

"ఎక్కదు. ఇది మొదటి పాఠం."

"రెండో పాఠం ఎప్పుడు?"

"ముందు మొదటిది రానీ."

ఆ కుక్క తెలివి ఏమని చెప్పను! నేల వాసన చూడటం దానికి ఇష్టం లేదు. కాని మూట ఎప్పుడూ ఆ చెట్టుకే కడతానని రెండో రోజుకే కనిపెట్టింది. మూట ఈడ్చకముందే చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడేది. అది వాసన పట్టడం కాదని నాకు తట్టలేదు. "చురుకైనది," అని రాసుకున్నాను. ఉడికించిన కోడిమాంసం ముక్క చేతిలో పట్టుకుని నేనే మొరిగి చూపించాను. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి సిద్రచెట్టు కింద వంగి మొరుగుతుంటే మేకలు మేత ఆపి చూశాయి. మావాడు కూడా మొరిగాడు. అతని మొరుగుడే బాగుందని ఒప్పుకోవాలి. చివరికి ఒక సాయంత్రం ఆ కుక్క ముందు కాళ్ళు చెట్టు మాను మీద పెట్టి, మా ఇద్దరినీ ఒకసారి చూసి, దగ్గులాంటి శబ్దం చేసింది. మాంసం ఇచ్చాను. ఇంకోసారి చేసింది. ఇచ్చాను. ఆ వారం చివరికి వీధికుక్కలా మొరుగుతోంది.

"పుట్టినప్పటి నుంచి నోరిప్పని కుక్క సారూ!" అన్నాడు మావాడు.

నేను డైరీలో "విజయం" అని రాసి కింద గీత గీశాను. ఆ ఆనందంలో రెండో పాఠం సంగతి మరిచిపోయాను.

ఎండలు తగ్గాయి, వేటకాలం తేదీలు ప్రకటించారు. మొదటి వేటకు బాబా నన్ను కూడా రమ్మన్నాడు. వయసులో నాకంటే పెద్దవాడు, పాదాల దాకా వేలాడే తెల్లటి తోబ్‌లో నిటారుగా ఉంటాడు. మావాడితో అరబీ, హిందీ కలిపి మాట్లాడతాడు. నన్ను ముందు సీటులో కూర్చోబెట్టి కహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు. కుక్కలు వెనక సీటులో మావాడికి చెరో పక్కన పెళ్ళికి వెళ్తున్నట్టు కూర్చున్నాయి. పడమటి వైపు చాలా దూరం వెళ్ళాం. ఎటు చూసినా చదునైన రాళ్ళ నేల. అంతటికీ ఒకే ఒక్క తుమ్మచెట్టు, గాలికి ఒక పక్కకు వంగి ఉంది. దాన్ని చూసినప్పుడైనా నాకు భయం వేయవలసింది. చెట్టు ఎంత అందంగా ఉందో అనుకున్నాను.

కుందేలు మా కళ్ళ ముందే పొద లోంచి లేచింది. "యల్లా!" అన్నాడు బాబా. మావాడు తలుపు తీశాడు. రెండు కుక్కలూ వదిలిన బాణాల్లా వెళ్ళాయి.

నేను నా జీవితంలో చాలా కుక్కల్ని చూశాను. అలాంటి పరుగు చూడలేదు. పెద్దది ముందుంది కాని, చిన్నది నేలను తాకీ తాకనట్టు వెళ్ళి దాన్ని దాటేసింది. ముక్కు నేలకు పెట్టలేదు. తల ఎత్తి, కళ్ళతో కుందేలును పట్టుకుని లాక్కుంటున్నట్టు ఉంది. అప్పుడు అర్థమైంది నాకు, అది దిబ్బ ఎక్కి రోజంతా శూన్యంలోకి చూడలేదని. అది చేసే పనే చూడటం. మా ఈతవనాల చీకట్లో కుక్కకు ముక్కు కావాలి. ఈ వెలుతురులో కళ్ళు కావాలి. ఇంత చిన్న సంగతి నేను ఎవరినీ అడగలేదు.

కుందేలు తుమ్మచెట్టు పక్కగా తిరిగింది. చిన్నది ఇక దాన్ని అందుకుంటుందనగా చెట్టును చూసింది. ఆగిపోయింది. వెనక్కి తిరిగి వచ్చి, ముందు కాళ్ళు మాను మీద పెట్టి, గొంతెత్తి మొరగడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో మా కారు వైపు తిరిగి చూస్తోంది, కోడిమాంసం ఎవరు తెస్తున్నారా అని. ఈ గోల ఏమిటో తెలియక పెద్ద కుక్క కూడా పరుగు ఆపి వెనక్కి వచ్చింది. కుందేలు మట్టిదిబ్బ ఎక్కి, తొందరేమీ లేకుండా అవతలికి దిగిపోయింది.

బాబా కారు దిగి చెట్టు దగ్గరికి నడిచాడు. మేమూ నడిచాం. సలూకీ ఊరికే మొరగదన్న నమ్మకం ఆయనది. కొమ్మ కొమ్మా చూశాడు. ఆకులే లేని చెట్టు. ముగ్గురం మెడలు వెనక్కి వంచి చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాం.

"ఊపర్ క్యా హై?" అన్నాడు బాబా. పైన ఏముందని.

"మాఫీ, బాబా," అన్నాడు మావాడు. ఏమీ లేదని.

"మరి ఎందుకు మొరుగుతోంది" అన్నట్టు ఆయన చెయ్యి తిప్పాడు. మావాడు "ఆదత్, బాబా," అని, దాని అలవాటంటూ ఏదో సర్దబోయాడు. నాకు మనసొప్పలేదు. నేనే నేర్పానని గుండె మీద చెయ్యి పెట్టి చూపించాను. ఎందుకు నేర్పానో చెప్పకపోతే పిచ్చివాణ్ణనుకుంటాడని, మానుపిల్లి కథంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మావాడు హిందీలోకి మారుస్తున్నాడు.

"సారూ, కల్లు అనకుండ్రి. షర్బత్ అంటున్న."

"సరే, అను."

బాబా శ్రద్ధగా విన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నలు మావాడు నాకు తెలుగులో చెప్పాడు. "షర్బత్ చెట్టు మీద ఎందుకు పెట్టుకుంటరు అని అడుగుతున్నడు."

"అక్కడే వస్తుంది."

"పిల్లి తాగితే కుక్క కిందికెళ్ళి ఒర్రుతది, తర్వాత ఏమైతది అంటున్నడు."

"మనిషి చెట్టెక్కుతాడు."

ఈ జవాబు విని బాబా నన్ను కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూశాడు. నా మోకాళ్ళకు కట్టుకున్న పట్టీలు కూడా చూశాడు. అప్పుడు నవ్వాడు. గడ్డం తడిసేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వనిది మావాడొక్కడే.

కారులో తిరిగి వస్తుండగా బాబా తన మాట చెప్పాడు. కుక్క చెట్టును దాటి పరుగెత్తేదాకా లీవు లేదు. నేర్పినవాడే మరిపించాలి.

ఇజ్బా వచ్చాక కుక్కల్ని దించుతూ మావాడు అన్నాడు, "మా అమ్మ మామిడాకుల తోరణం గురించి అడిగింది సారూ పొద్దుగాల. ఏ దిక్కు కట్టాలె అని. నేనొస్త కద, నేనే కడత అన్న."

బర్రె విషయంలో చెప్పిన ధైర్యం లాంటిది మళ్ళీ చెప్పకుండా, రేపు నన్ను ఎన్నింటికి ఎక్కించుకుంటావని అడిగాను.

మరిపించే పద్ధతి బాబాదే. నేను మాంసం లేకుండా సిద్రచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోవాలి. కుక్క వస్తుంది, కాళ్ళు మాను మీద పెడుతుంది, మొరుగుతుంది. నేను దాన్ని చూడకూడదు. మాట్లాడకూడదు. డైరీ రాయకూడదని కూడా అన్నాడు. రాస్తుంటే నేను దానికేదో చేస్తున్నానని కుక్కకు తెలిసిపోతుందట. అదే నాకు అన్నిటికంటే కష్టమైన షరతు.

మావాడు రోజూ పికప్‌లో తీసుకెళ్ళేవాడు, తీసుకొచ్చేవాడు. "ఆఫీసుకు వెళ్ళొస్తానే," అంటే మా ఆవిడ, "డ్యూటీ ఏమిటో ఇరుగుపొరుగు అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?" అనేది.

"కూర్చోవడం అని చెప్పు."

"అది ఇంట్లో కూడా చేసేవారు కదా!"

మొదట్లో కుక్క చాలా మర్యాదగా మొరిగింది. తర్వాత బతిమాలింది. తర్వాత నా చెవి దగ్గర నోరు పెట్టి మొరిగింది. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ చెప్పుల మీద ఏ కుట్టు ఎక్కడ ఊడిందో నాకు కంఠతా వచ్చింది. ఒక రోజు అది మొరగడం ఆపి, పాఠం మరిచిపోయిన మాస్టారిని చూసినట్టు నన్ను జాలిగా చూసి, దిబ్బ ఎక్కి మళ్ళీ దూరంగా చూడసాగింది. మావాడు దొడ్డి గోడ వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను కదల్లేదు. ముహూర్తం దగ్గరికొస్తోంది.

మళ్ళీ ఆ రాళ్ళ నేలకే వెళ్ళాం. బాబా కావాలనే ఆ తుమ్మచెట్టు దగ్గర కారు ఆపాడు. అందరం దిగాం. మావాడి జేబులో పాస్‌పోర్టు ఉంది. ఎందుకు తెచ్చావని అడిగితే, ఊరికే అన్నాడు.

కుందేలు దొరకడానికి చాలాసేపు పట్టింది. లేచాక, రెండు కుక్కలూ వెళ్ళాయి. కుందేలు అటూ ఇటూ తిరిగి ఈసారీ చెట్టు వైపే వచ్చింది. చిన్నది చెట్టు దగ్గర వేగం తగ్గించింది. తల తిప్పింది. చెట్టును కాదు, నన్ను చూసింది.

మావాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సారూ, దాని దిక్కు చూడకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత, చూడకుండ్రి."

నేను వంగి నా చెప్పుల వైపు చూశాను. ఊడిన కుట్టు అక్కడే ఉంది. నాకు వినిపించింది గాలి ఒక్కటే. మొరుగుడు రాలేదు. తల ఎత్తేసరికి చెట్టు పక్కన ఏమీ లేదు. దూరంగా దుమ్ము లేస్తోంది, దుమ్ములో రెండు సన్నటి గీతలు కదులుతున్నాయి.

కుందేలు ఆ రోజు కూడా తప్పించుకుంది. బాబాకు దాని మీద పట్టింపు లేదు. "ఖలాస్," అని మావాడి భుజం తట్టాడు. తర్వాత నా వైపు తిరిగి ఏదో అన్నాడు. మావాడు చెప్పకుండా నవ్వుతున్నాడు.

"ఏమన్నాడయ్యా?"

"నేను ఊరికెళ్ళి వాపస్ వచ్చినంక మిమ్మల్ని ఇజ్బాకు తోలుకరావద్దన్నడు సారూ. చాయ్ తాగుటానికైతే రమ్మన్నడు. కుక్కల దిక్కు పోవద్దట."

అతను విమానం ఎక్కాడు. గృహప్రవేశం రోజు పొద్దున్నే ఫ్లాట్‌లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. పట్టు పంచె కట్టుకుని, నుదుట బొట్టుతో ఉన్నాడు. పొయ్యి మీద పొంగిన పాలు చూపించాడు, తను కట్టిన తోరణం చూపించాడు. అది ఒక పక్కకు వాలి ఉంది. వాళ్ళమ్మను ఫోను ముందుకు లాగి, "ఇగో అమ్మా, దుబాయ్ సారు. ఈయనతోనే లీవు పోతుండె, ఈయనతోనే దొరికింది," అన్నాడు. ఆమె చేతులు జోడించింది. "ఆ బర్రె డాక్టరేనా బిడ్డా?" అని అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత ఇంటి వెనక్కి నడిచి పెరడు చూపించాడు. గోడవతల ఈతచెట్లు వరసగా ఉన్నాయి. ఒకదానికి లొట్టి కట్టి ఉంది. ఆ చెట్టు మొదట్లో ఒక ఊరకుక్క పడుకుని ఉంది. మంచి పొడుగు మూతి, నిలబెట్టిన చెవులు.

"ఆ కుక్క ఎవరిదయ్యా?" అన్నాను. "దాని ముక్కు చూశావా? ఒక గుడ్డమూట తీసుకుని..."

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "ఇల్లు చాలా బాగుంది నాయనా," అంది. "లోపల గోడలకు ఏ రంగు వేయించారు?"